అగ్గిపుల్ల గీసి చూడొద్దు: బ్యాటరీల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇన్వర్టర్ల గురించి రెండు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. ఎక్కువ భాగం మన నల్గొండ, పాలమూరు వైపు నుంచే. చాలామంది ఏ కంపెనీ బ్యాటరీ మంచిది, ఎన్నేళ్లు వస్తుంది అని అడిగారు, అది షాపువాళ్లు చెబుతారు. నేను ఈసారి తీసుకున్నవి వేరే ఉత్తరాలు, చదువుతుంటే నాకే టెన్షన్ పుట్టించినవి. ఇక్కడ బ్యాటరీ అంటే లోపల సీసం ప్లేట్లు, యాసిడ్ ఉండేదే: ఇన్వర్టర్‌ది, ట్రాక్టర్‌ది, ఆటోది, మందు కొట్టే పంపుది. ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ సంగతి పూర్తిగా వేరు.

ప్రశ్న: మా ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు తగ్గినట్టు ఎర్ర గుర్తు కనిపిస్తోంది. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి అవి పోయను. ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లు పోయొచ్చా? తాగేవే కదా, శుభ్రంగానే ఉంటాయి. (ఒక గృహిణి, నల్గొండ)

జవాబు: పోయొద్దమ్మా. తాగడానికి కావాల్సిన శుభ్రం వేరు, బ్యాటరీకి కావాల్సిన శుభ్రం వేరు. క్యాన్ నీళ్లలో ఎంత వడపోసినా కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి, మనకు రుచి తెలిసేది కూడా వాటివల్లే. నల్లాలో వచ్చే భగీరథ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు, అది మన ఆరోగ్యానికి మంచిదే కానీ బ్యాటరీలో ప్లస్ ప్లేట్లను తినేస్తుంది. ఇనుము ఉన్న నీళ్లు పోస్తే వాడకుండా పక్కన పెట్టినా చార్జింగ్ దానంతట అదే దిగిపోతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని, ఆ నీళ్లు కూడా గొంతుకే గానీ బ్యాటరీకి పనికిరావు. బ్యాటరీ షాపులోనో పెట్రోలు బంకులోనో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోయండి.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ మీ వీధిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, "కొంచెం యాసిడ్ పోస్తే పవర్ పెరుగుతుంది" అని. అస్సలు వినకండి. చార్జింగ్ అయ్యేటప్పుడు లోపలి నీళ్లే విడిపోయి గ్యాసుగా బయటికి పోతాయి, యాసిడ్ లోపలే ఉంటుంది. అంటే తగ్గింది నీళ్లు, కాబట్టి పోయాల్సిందీ నీళ్లే. దానికి తోడు మళ్లీ యాసిడ్ పోస్తే లోపల ఘాటు పెరిగి ప్లేట్లు పాడవుతాయి.

పోసే పద్ధతి కూడా రాసుకోండి. ముందు బ్యాటరీ ఫుల్ చార్జ్ కానివ్వండి, తర్వాత ఇన్వర్టర్ ఆపేసి, ప్లగ్ తీసేసి, ఓ అరగంట ఆగి అప్పుడు మూతలు తీయండి. చార్జింగ్ లేనప్పుడు నిండా పోస్తే చార్జింగ్ ఎక్కేకొద్దీ మట్టం పెరిగి పైకి పొంగుతుంది, కింద టైల్స్ మీద ఆ తెల్ల మచ్చలు అలా వచ్చినవే. ఒకవేళ ప్లేట్లు గాలికి తేలేంతగా నీళ్లు తగ్గి ఉంటే, ముందు ప్లేట్లు మునిగే వరకే పోసి, చార్జ్ పెట్టి, ఆ తర్వాత గుర్తు దాకా పోయండి. ప్లాస్టిక్ గరాటు వాడండి, స్టీలు గ్లాసు వద్దు. కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి, మీద పాత చీరే ఉండనివ్వండి, ఎందుకంటే చిన్న చుక్క పడినా అప్పుడు ఏమీ కనిపించదు, రెండు రోజుల తర్వాత ఉతికి ఆరేసినప్పుడు అక్కడ జల్లెడలా చిల్లులు కనిపిస్తాయి.

ప్రశ్న: రాత్రిపూట ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకోకపోతే మూతలు తీసి లైటర్ వెలుగులో నీళ్లు చూస్తాను. మా డ్రైవర్ అయితే పానాతో ప్లస్‌ను, మైనస్‌ను కలిపి తాకిస్తాడు, మెరుపు గట్టిగా వస్తే చార్జింగ్ ఉందంటాడు. ఇది కరెక్టేనా? (రైతు, కల్వకుర్తి)

జవాబు: అన్నా, ఈ ఉత్తరం చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండూ ఇవాళే మానేయండి.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, దేవరకొండ దగ్గర మా ఊళ్లో, మా చిన్నాన్న ఇలాగే ట్రాక్టర్ బ్యాటరీ మూత తీసి అగ్గిపుల్ల గీశాడు. అప్పటిదాకా మూడు గంటలు చార్జింగ్ పెట్టి ఉంది. "ఠప్" అని ఒక్కటే చప్పుడు, టైరు పేలిందేమో అనుకున్నాను. చూస్తే బ్యాటరీ పైభాగం సగం లేదు, నల్లటి డబ్బా ముక్కలు కొట్టం గోడ దాకా వెళ్లి పడ్డాయి, చిన్నాన్న రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. మా నాయనమ్మకు యాసిడ్ అంటే ఏంటో తెలియదు, కానీ ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆయన్ని పశువుల గోలెం దగ్గరికి లాక్కెళ్లి చెంబుతో నీళ్లు పోస్తూనే ఉంది, గోలెం అడుగు కనబడేదాకా పోసింది. ఆయన కళ్లు దక్కాయంటే అందుకే అని తర్వాత డాక్టర్ చెప్పాడు. ఎడమ చెంప మీద మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

జరిగింది ఏంటంటే, చార్జింగ్ చివరికి వచ్చేసరికి, అంటే 12 వోల్టుల బ్యాటరీ మీద సుమారు 14.4 వోల్టులు దాటాక, నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా బాగా విడిపోతాయి. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు, మీరు దాన్ని పసిగట్టలేరు. గాలిలో అది 4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మూత కింద ఉన్న ఖాళీలో నూటికి నాలుగు పాళ్లు చేరడం ఎంతసేపు పని చెప్పండి. చార్జింగ్ ఆపాక కూడా కొంతసేపు లోపల ఆ గ్యాసు నిలిచే ఉంటుంది. అగ్గిపుల్ల, లైటర్, బీడీ, పానా మెరుపు, అన్నీ ఒక్కటే దానికి. టార్చ్ కూడా మూతలు తీయకముందే ఆన్ చేసుకుని దగ్గరికి రండి.

ఇక పానా సంగతి. రెండు మొనలూ కలిపితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారి పారుతుంది, ఆ ఇనుము ఎర్రగా కాలి అక్కడే అతుక్కుపోవచ్చు, అప్పుడు దాన్ని లాగడానికి మీ డ్రైవర్ చేతికి దారి ఉండదు. చేతికి ఉంగరమో కడియమో ఉండి అది ప్లస్‌కూ ట్రాక్టర్ బాడీకీ మధ్య పడిందంటే వేలు కాలి ఎముక దాకా పోతుంది. బ్యాటరీ మీద చేయి పెట్టే ముందు ఉంగరం, కడియం, వాచీ తీసి జేబులో వేసుకోవాలి, పండగైనా పెళ్లైనా సరే.

చార్జింగ్ తెలుసుకోవడానికి చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి, ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. బండి ఆపి నాలుగైదు గంటలయ్యాక చూస్తే 12.6 లేదా ఆ పైన ఉంటే ఫుల్, 12.2 దగ్గర ఉంటే సగం, 12 కంటే కిందికి వస్తే దాదాపు ఖాళీ. లగ్గులు, అంటే మొనలకు వైర్లను బిగించే క్లిప్పులు, విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఎందుకంటే ట్రాక్టర్ బాడీ అంతా మైనస్సే, ముందు ప్లస్ విప్పబోతే పానా ఎక్కడ బాడీకి తగిలినా మెరుపే. పక్క బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేసేటప్పుడు కూడా ప్లస్‌కు ప్లస్ కలిపాక, ఆఖరి మైనస్ క్లిప్పును ఖాళీ బ్యాటరీ మీద పెట్టకండి, దానికి దూరంగా ఇంజిన్ ఇనుముకు పెట్టండి. ఆ చివరి మెరుపు బ్యాటరీకి దూరంగా రావాలి, అంతే దాని లెక్క.

ప్రశ్న: ఇల్లు చిన్నది. ఇన్వర్టర్ బ్యాటరీని పూజ గూడు కింద పెట్టాం, పైన దీపం పెడతాం. ఫరవాలేదా? (నాగర్‌కర్నూల్)

జవాబు: ఫరవా ఉంది, ఈ వారమే మార్చండి. హైడ్రోజన్ గాలికంటే చాలా తేలిక, నేరుగా పైకే పోతుంది, మీ ఇంట్లో పైకి అంటే దీపమే. వంటగదిలో గ్యాసు పొయ్యి పక్కన, తలుపులు మూసి పడుకునే గదిలో, తలుపులున్న చెక్క బీరువాలో కూడా వద్దు. గాలి ఆడే వరండా మూల, మెట్ల కింద ఎండ పడని చోటు మంచిది. రేకుల షెడ్డు కింద పెడితే మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది, మే నెలలో ఇక్కడ రేకు కింద చెయ్యి పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: కురుమూర్తి జాతరలో బొమ్మల దుకాణం పెడతాను. లైట్ల కోసం బ్యాటరీని గోనె సంచిలో చుట్టి బస్సులో సీటు కింద పెట్టుకుని తీసుకెళ్తుంటాను. కండక్టర్లు ఒక్కోసారి గొడవ చేస్తున్నారు. తేలిగ్గా తీసుకెళ్లే మార్గం చెప్పండి. (దేవరకద్ర)

జవాబు: కండక్టర్ గొడవ చేయడం న్యాయమే తమ్ముడూ, ఆయన మీద కోపం తెచ్చుకోకు. ప్రపంచమంతా సరుకు రవాణాలో యాసిడ్ నిండిన బ్యాటరీకి యూఎన్ 2794 అని ఒక నంబరు ఇచ్చి, ముట్టుకుంటే కాల్చి తినేసే వస్తువుల జాబితాలో, అంటే 8వ తరగతిలో పెట్టారు. సీటు కింద అది ఒరిగిందంటే పక్కన కూర్చున్న ముసలమ్మ పాదాల మీద పడేది సల్ఫ్యూరిక్ యాసిడ్. కిక్కిరిసిన జాతర బస్సులో ఎవరూ కాళ్లు తీసే సందు కూడా ఉండదు.

నలుగురు దుకాణాలవాళ్లు కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకోండి, ఖర్చు పంచుకుంటే బరువనిపించదు. బ్యాటరీని ఎప్పుడూ నిలువుగానే పెట్టాలి, పడుకోబెట్టొద్దు, దాని మీద ఇంకొకటి ఎక్కించొద్దు. మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, రెండు మొనలకూ ప్లాస్టిక్ టోపీలు పెట్టు, లేకపోతే రబ్బరు ముక్క పెట్టి టేపు చుట్టు. గోనె సంచిలో నీ తాళాలు, గొలుసు, తూకం రాళ్లు కూడా వేస్తావు కదా, అవి రెండు మొనలకూ ఒకేసారి తగిలితే సంచే అంటుకుంటుంది. పాత ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, కదలకుండా నాలుగు వైపులా తాడు వేసి కట్టు, కారినా టబ్బులోనే ఉండిపోతుంది. అదే బండిలో అరటిపండ్లు, పేలాలు, నీళ్ల క్యాన్లు దాన్ని ఆనుకుని పెట్టకు. ఒక తినే సోడా ప్యాకెట్, 5 లీటర్ల నీళ్లు వెంట ఉండనీ. నేల మీద ఒలికితే ముందు ఇసుక చల్లి, తర్వాత సోడా చల్లి, నురగ ఆగాక కడిగెయ్యాలి.

జాతర దీపావళి సమయంలోనే వస్తుంది, చుట్టూ పిల్లలు కాకరపువ్వొత్తులు పట్టుకుని తిరుగుతుంటారు. దుకాణం వెనక, గుడ్డ కప్పకుండా, పిల్లలకు అందని చోట పెట్టుకో. ఆ బొమ్మలన్నీ వాళ్ల కోసమే కదా.

ప్రశ్న: సంక్రాంతి అయ్యాక మేం పనికి ముంబై వెళ్తాం, ఇల్లు ఆరు నెలలు తాళం. పోయినసారి తిరిగొచ్చేసరికి కొత్త బ్యాటరీ చచ్చిపోయింది. షాపులో అడిగితే నేల మీద పెట్టారు కాబట్టి నేల లాగేసింది అన్నారు. నిజమేనా? (మక్తల్)

జవాబు: నేల తప్పేమీ లేదక్కా. వెనకటికి బ్యాటరీ డబ్బాలు గట్టి రబ్బరుతో, అంతకుముందు చెక్కతో చేసేవాళ్లు, అవి చెమ్మ పీల్చేవి, ఆ రోజుల మాట అది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలోంచి నేల ఏమీ లాగలేదు. మీ బ్యాటరీ ఖాళీగా ఉండి చచ్చిపోయింది. వాడినా వాడకపోయినా నెలకు కొంచెం కొంచెం చార్జింగ్ దిగిపోతూనే ఉంటుంది, ఎండాకాలం ఇంకా తొందరగా. దానికితోడు ఇన్వర్టర్‌కు తగిలించే ఉంచితే, కరెంటు మెయిన్ ఆపేసి వెళ్తే, ఆ ఇన్వర్టర్ కూడా కొంచెం తాగుతుంది. ఖాళీ అయిన బ్యాటరీలో ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేటు పొర ఏర్పడుతుంది, వెంటనే చార్జ్ పెడితే కరిగిపోతుంది, నెలల తరబడి వదిలేస్తే గడ్డకట్టి ఇక కరగదు.

ఈసారి వెళ్లే ముందు రోజు ఫుల్ చార్జ్ చేసి, నీళ్లు చూసి, మైనస్ లగ్గు విప్పి వెళ్లండి. డబ్బా పైభాగం పొడిగుడ్డతో తుడవండి, దుమ్ము, చెమ్మ కలిసిన చోట కూడా కరెంటు కొంచెం పాకుతుంది. రెండు నెలలకోసారి మీ అత్తమ్మనో, పక్కింటివాళ్లనో తాళం తీసి, మైనస్ లగ్గు బిగించి ఒక పూటంతా చార్జింగ్ పెట్టి, మళ్లీ విప్పేయమనండి, కిటికీ తెరిచి పెట్టమని మరీ మరీ చెప్పండి. మీటర్‌లో 12.4 కంటే కిందికి కనిపిస్తే రెండు నెలలు ఆగక్కర్లేదు, అప్పుడే పెట్టాలి.

ప్రశ్న: పత్తికి మందు కొట్టే చార్జింగ్ పంపు ఏడాదికే పనిచేయడం లేదు. విప్పి చూస్తే లోపలి బ్యాటరీ ఉబ్బింది. (చండూరు)

జవాబు: ఉబ్బినదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, మార్చేయండి. చాలా పంపుల్లో ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ, నీళ్లు పోసే పని లేదు కానీ లోపల ఉండేది అదే యాసిడ్, అదే సీసం. ఎక్కువసేపు చార్జింగ్‌లో వదిలేసినా, దానిది కాని చార్జర్ పెట్టినా వేడెక్కి ఉబ్బుతుంది. పంపు ఆగిపోయేదాకా లాగకండి, సీజన్ అయ్యాక కొట్టంలో పడేసి మళ్లీ ఆరుద్ర కార్తెకు తీయకండి, నెలా రెండు నెలలకు ఒకసారి చార్జింగ్ పెట్టండి.

ప్రశ్న: నా బ్యాటరీ ఆటోలో నాలుగు బ్యాటరీలు, ఒకటి పోయింది. ఒక్కటే కొత్తది వేయించొచ్చా? (మహబూబ్‌నగర్)

జవాబు: డబ్బు మిగిలినట్టే అనిపిస్తుంది కానీ మిగలదు. నాలుగు పన్నెండ్లు 48 వోల్టులు, నాలుగూ ఒకే వరుసలో ఉంటాయి, అన్నింటిలోంచీ ఒకటే కరెంటు పోతుంది. పాత మూడూ ముందే ఖాళీ అవుతాయి, ముందే నిండుతాయి, నిండినవి గ్యాసు వదులుతూ వేడెక్కుతుంటాయి. బ్యాటరీలు కొని రెండు మూడు నెలలే అయితే అదే రకంది ఒకటి వేయించండి, ఏడాది దాటితే నాలుగూ మార్చండి. చార్జింగ్ పెట్టేటప్పుడు సీటు ఎత్తి ఉంచడం మర్చిపోకండి. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే బ్యాటరీ బాగా వేడెక్కిందని అర్థం, వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపి, చల్లారేదాకా దూరంగా ఉండండి.

ప్రశ్న: మా బాబు పాత బ్యాటరీ మూత తీస్తే చేతి మీద యాసిడ్ పడింది. ఒకరు టూత్‌పేస్ట్, ఒకరు వెన్న, ఒకరు సున్నం అన్నారు. ఏది పూయాలి? (సూర్యాపేట)

జవాబు: ఏదీ పూయొద్దమ్మా. నీళ్లు, ఎక్కువ నీళ్లు, వెంటనే. నల్లా కిందనో చెంబుతోనో 20 నిమిషాలు ఆగకుండా పోయాలి, తడిసిన బట్టలు పోస్తూనే తీసేయాలి. పూత పూస్తే యాసిడ్ దాని కింద చిక్కుకుని ఇంకా లోపలికి తింటుంది. తినే సోడా నేల మీదికి, ఒంటి మీదికి కాదు. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పారేలా పోయండి, పిల్లాడు ఎంత ఏడ్చినా ఆపొద్దు, ఒకరు పోస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. మంట తగ్గినా డాక్టర్‌కు చూపించాల్సిందే. మింగితే నోరు కడిగించండి, వాంతి మాత్రం చేయించొద్దు, లోపలికి పోయేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది.

ప్రశ్న: మా గల్లీ చివర ఒకతను పాత బ్యాటరీలు కొని, పగలగొట్టి, యాసిడ్ మోరీలో పోసి, సీసం కరిగిస్తాడు. సాయంత్రాలు ఘాటు పొగ. అక్కడే పిల్లలు ఆడుకుంటారు. మా ఇంట్లో కూడా ఒక పాత బ్యాటరీ ఉంది, అతనే ఎక్కువ రేటు ఇస్తానంటున్నాడు. (మిర్యాలగూడ)

జవాబు: ఇవ్వకండి. ఒక బ్యాటరీ బరువులో సగానికి పైనే సీసం, అతనికి ఆ రేటు గిట్టేది అందుకే, పొగనూ మురుగునూ మీ గల్లీకి వదిలేస్తున్నాడు కాబట్టే. కొత్తది కొనే షాపులో పాతది ఇస్తే బిల్లులో తగ్గిస్తారు, యాసిడ్ వంచేయకుండా అలాగే నిలువుగా తీసుకెళ్లండి. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడినవాళ్లు పాత బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు, సేకరించి రీసైక్లింగ్ చేసేవాళ్లకే అందజేయాలి. గల్లీలో కరిగించడం గురించి మున్సిపాలిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, పదిమంది సంతకాలతో ఇస్తే మీ ఒక్కరి మీద కోపం రాదు.

నాకు ఎక్కువ బెంగ ఆ పిల్లల గురించే. సీసం పొగ చల్లారాక దుమ్మై నేల మీద, అరుగుల మీద, ఆరేసిన బట్టల మీద కూర్చుంటుంది, పిల్లల చేతుల నుంచి నోటికి పోతుంది. ఇంత సీసం ఒంట్లో ఉంటే ఏం కాదు అని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, చదువులో వెనకబడటం, చిరాకు, కడుపునొప్పి, రక్తం తక్కువ కావడం, ఇవన్నీ వేరే కారణాలతోనూ వస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తినే ముందు చేతులు సబ్బుతో కడిగించండి, అరుగు ఊడవడానికి బదులు తడిగుడ్డతో తుడవండి, ఆ పని చేసే ఇంటివాళ్లు మీకు తెలిసినవాళ్లైతే ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దని మెల్లగా చెప్పండి, వాళ్ల పిల్లలే అందరికంటే దగ్గరగా ఉన్నారు. రక్తంలో సీసం ఎంత ఉందో చెప్పే పరీక్ష ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మా గల్లీలో బ్యాటరీలు కరిగిస్తారని మీరే ముందుగా చెప్పండి, మీరు చెప్పకపోతే ఆయనకు ఆ పరీక్ష రాయాలనే ఆలోచన రాదు.